ముందు గాలి, తరువాతే గాలం: సస్కాచువాన్ సరస్సుల ఒడ్డున చేపల వేట, గుడారం

కెనడాలోని సస్కాచువాన్ ప్రావిన్సుకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మొదటి వేసవిలోనే ఒక దృశ్యానికి అలవాటు పడతాయి. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి వీధిలోని పికప్ ట్రక్కులు ఒక్కొక్కటీ వెనుక పడవను తగిలించుకుని ఊరి బయటి దారి పడతాయి. రెండో వేసవికి మనవాళ్ళు కూడా ఒక గుడారం, రెండు గాలపు కర్రలు కొనుక్కుంటారు. చాలామంది ఆ తొలి ప్రయాణం నుంచి చేప లేకుండా, వంగిపోయిన గుడారపు ఊచలతో తిరిగి వస్తారు. మేమూ అలాగే వచ్చాము. పదేళ్ళకు పైగా ప్రావిన్సు రాజధాని రెజైనా చుట్టుపక్కల సరస్సుల ఒడ్డున గడిపిన తరువాత నాకు స్పష్టమైనదేమిటంటే, ఈ మైదానంలో ఎక్కడ గాలం వేయాలో, ఎక్కడ గుడారం దించాలో, ఎప్పుడు పడవను ఒడ్డుకు తిప్పాలో నిర్ణయించేది గాలే. కాబట్టి ఈ మార్గదర్శిలో ప్రతి విషయమూ చివరికి గాలి దగ్గరకే వస్తుంది.

కారణం నేల స్వరూపంలో ఉంది. దక్షిణ సస్కాచువాన్‌లోని పెద్ద సరస్సుల్లో చాలావరకు మంచుయుగం చివర కరుగుతున్న హిమానీనదాల నీరు కోసుకుపోయిన కాలువల్లో ఏర్పడ్డాయి. అందుకే అవి మన చెరువుల్లాగా గుండ్రంగా ఉండవు. సన్నగా, పొడుగ్గా, లోయ అడుగున నాలుకలా చాచుకుని ఉంటాయి. రెజైనాకు ఉత్తరాన ఉన్న లాస్ట్ మౌంటెన్ సరస్సు పొడవు 90 కిలోమీటర్లకు పైమాటే, వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లు. గాలి ఆ పొడవు వెంట వీచినప్పుడు అలలు పెరగడానికి పదుల కిలోమీటర్ల నీరు దొరుకుతుంది. ఉదయం అద్దంలా కనిపించిన నీరు మధ్యాహ్నానికి మీటరు ఎత్తు అలలతో మీద పడడం ఇక్కడ వింత కాదు. ఆ అలలు కూడా సముద్రంలో వాటిలాగా ఎడంగా కాక, దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. చిన్న పడవకు ఇవే ఎక్కువ ప్రమాదం.

ఏ నీటికి వెళ్ళాలి

కొత్తవారు కాపెల్ లోయతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెజైనాకు ఈశాన్యంగా సుమారు గంట దూరంలో ఫోర్ట్ కాపెల్ అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టూ పాస్క్వా, ఎకో, మిషన్, కటెప్వా అనే నాలుగు సరస్సులు దండలా ఒకదాని తరువాత ఒకటి కాపెల్ నది మీదే ఉన్నాయి. లోయ లోతుగా ఉండడం వల్ల మైదానం మీది గాలి ఇక్కడ కొంత తగ్గుతుంది. ఎకో వ్యాలీ ప్రొవిన్షియల్ పార్కులో గుడారాలకు స్థలాలు, మంచినీరు, స్నానాల గదులు, పిల్లలు ఆడుకునే ఇసుక తీరం ఉన్నాయి. నదికి ఆ పేరు ‘ఎవరు పిలుస్తున్నారు’ అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. దానికి మూలం ఇక్కడి మూలవాసుల క్రీ భాషలోని పాత పేరు. 1874 సెప్టెంబరులో మూలవాసులకూ ప్రభుత్వానికీ మధ్య నాలుగో ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఈ సరస్సుల దగ్గరే. చుట్టూ కొంత తీరం నేటికీ మూలవాసుల రిజర్వు భూమి. అక్కడ గాలం వేయాలన్నా, గుడారం వేయాలన్నా ముందుగా వారి అనుమతి అడగాలి. ఖాళీగా కనిపించిన ప్రతి ఒడ్డూ అందరిదీ కాదు.

లాస్ట్ మౌంటెన్ సరస్సు మీద రోవన్స్ రవీన్ పార్కు పడవ ఉన్నవారికి అనువైనది. ఆ సరస్సు ఉత్తరపు కొస 1887 నుంచి పక్షుల సంరక్షణ ప్రాంతం; ఉత్తర అమెరికా ఖండంలో ప్రభుత్వం అలా కేటాయించిన మొదటి చోటు అదే. అక్కడ శరదృతువులో కొంగలను చూడడానికి వెళ్ళండి గాని గాలం ఆలోచన పెట్టుకోకండి. మూస్ జాకు దగ్గరలోని బఫెలో పౌండ్ సరస్సు లోతు తక్కువ, రెజైనా, మూస్ జా నగరాలకు తాగునీరు ఇచ్చేది అదే. పెర్చ్ చేపకు, పిల్లలతో గట్టు మీద కూర్చోవడానికి బాగుంటుంది.

డీఫెన్‌బేకర్ సంగతి వేరు. ఇది సహజమైన సరస్సు కాదు. దక్షిణ సస్కాచువాన్ నది మీద గార్డినర్ ఆనకట్ట, పక్కన కాపెల్ నది వైపు మరో ఆనకట్ట కట్టగా 1967లో పూర్తయిన జలాశయం. పొడవు సుమారు 225 కిలోమీటర్లు. రాకీ పర్వతాల మంచు కరిగి వచ్చే నీటితో నిండుతుంది గనుక వసంతం మొదట్లో మట్టం బాగా పడిపోయి, జూన్, జూలై నెలల్లో మీటర్ల కొద్దీ పెరుగుతుంది. మే నెలలో మీరు గుడారం వేసుకున్న ఇసుక మేట జూలైలో నీటి అడుగున ఉండవచ్చు. ఒడ్డు చాలాచోట్ల మెత్తటి బంకమట్టి, ఇసుకల చరియ. కింద అలలు తొలుస్తూ ఉంటే పై అంచు ఉన్నట్టుండి కూలుతుంది. అంచు మీద గుడారం, అంచు కింద పడవ, రెండూ కూడదు. డగ్లస్, డేనియల్సన్, సస్కాచువాన్ ల్యాండింగ్ అనే మూడు పార్కులు ఈ జలాశయం మీద ఉన్నాయి. రెయిన్‌బో ట్రౌట్ జాతిలో ప్రపంచ రికార్డుగా నమోదైన 48 పౌండ్ల చేప 2009లో దొరికింది ఇక్కడే. పెంపకం వలల నుంచి తప్పించుకున్న చేపలు ఈ జలాశయంలో ఆ పరిమాణానికి పెరిగాయి. ఆ కథ విని మొదటిసారే డీఫెన్‌బేకర్‌కు పరుగెత్తేవారిని చూశాను. వారికి నా సలహా ఒక్కటే: ముందు ఎకో సరస్సులో రెండు వేసవులు నేర్చుకోండి.

కాగితాలు

పదహారేళ్ళు నిండినవారు గాలం వేయాలంటే ప్రావిన్సు లైసెన్సు ఉండాలి. అది ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏడు మార్చి 31 వరకు చెల్లుతుంది. ఆన్‌లైన్‌లోనూ, చేపల సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతుంది. మనవాళ్ళు తరచూ పొరపడే చోటు ఒకటి ఉంది. 65 ఏళ్ళు దాటినవారికి లైసెన్సు అక్కరలేదన్న మినహాయింపు సస్కాచువాన్ నివాసులకే. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి కర్ర ఇవ్వాలంటే వారికి వేరే లైసెన్సు తీసుకోవాలి. కొద్ది రోజులకు చెల్లే చవకైనది ఉంటుంది. జూలైలో ఒక వారాంతం, ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారాంతం లైసెన్సు లేకుండా పట్టుకోవచ్చు గాని మిగతా నియమాలన్నీ వర్తిస్తాయి, నేషనల్ పార్కులకు ఆ సడలింపు లేదు.

వసంతంలో చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక వేట మూసి ఉంటుంది. దక్షిణ మండలంలో మే 5న, మధ్య మండలంలో మే 15న, ఉత్తరాన మే 25న తెరుస్తారు. ఏ సరస్సులో ఏ జాతివి ఎన్ని ఉంచుకోవచ్చో, ఎంత పొడవు దాటినవాటిని వదలాలో ప్రావిన్సు ఏటా విడుదల చేసే జాలరుల మార్గదర్శినిలో ఉంటుంది. ఇవి సరస్సుకు సరస్సుకు మారతాయి, ఏడాదికేడాదికి కూడా మారతాయి. స్నేహితుడు చెప్పిన లెక్క నమ్మకుండా ఆ పుస్తకాన్ని ఫోనులో దించుకోండి. గాలానికి వెనుక ముల్లు ఉండకూడదు. ముల్లున్న గాలమే కొని ఉంటే పట్టుకారుతో దాన్ని అదిమేస్తే సరిపోతుంది. నీరు గడ్డకట్టని కాలంలో మనిషికి ఒకే తాడు. బతికున్న చేపలను ఒక నీటి నుంచి మరో నీటికి తీసుకెళ్ళడం నేరం.

ఏ చేప, ఏ ఎర

ఇక్కడివారు ఎక్కువగా కోరుకునే చేప వాలై. ఇది ప్రావిన్సు అధికారిక చేప కూడా. పాతవాళ్ళు దీన్ని పికరెల్ అంటారు. దీని కంటి వెనుక పిల్లి కంటిలో ఉన్నట్టే వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. మసక వెలుతురులో అది బాగా చూస్తుంది, దానికి ఆహారమయ్యే చిన్న చేపలు సరిగా చూడలేవు. కాబట్టి సూర్యోదయం ముందు, సూర్యాస్తమయం తరువాత వచ్చే గంట దాని వేట వేళ. జూన్ చివర రెజైనాలో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు. పిల్లలను నిద్రపుచ్చి వచ్చినా గాలానికి సమయం మిగులుతుంది.

గాలి విషయం ఇక్కడే ఉపయోగానికి వస్తుంది. గాలి రోజంతా ఒక వైపు నుంచి వీస్తే పైనీటిలోని సూక్ష్మజీవులు ఎదుటి ఒడ్డుకు కొట్టుకుపోతాయి, వాటి వెంట చిన్న చేపలు, ఆ చిన్న చేపల వెంట వాలై. అలలు లేచి అడుగు మట్టిని కలియబెట్టడంతో నీరు మసకబారుతుంది, మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సాయంకాలంలా ఉంటుంది. కొత్తవారు సహజంగా గాలి తగలని ప్రశాంతమైన ఒడ్డును వెతుక్కుని కూర్చుంటారు. హాయిగా ఉంటుంది, చేప పడదు. అలలు కొట్టుకుంటున్న రాళ్ళ మూల దగ్గర నిలబడి, ముఖాన గాలి తగులుతుండగా విసరండి. విసురు దూరం పోదు, తాడు వంగిపోతుంది, నిజమే. అయినా చేప మీ కాళ్ళకు పది పదిహేను మీటర్ల లోపలే ఉంటుంది. ఇది ఒడ్డు మీద నిలబడేవారికి చెబుతున్న మాట. పడవలో ఉన్నవారు ఆ అలల ఒడ్డుకు దూరంగా ఉండాలి.

సామాను గురించి దుకాణంలో చెప్పేవన్నీ కొనవలసిన పని లేదు. ఆరు, ఆరున్నర అడుగుల మీడియం కర్ర, స్పిన్నింగ్ రీలు, 8 పౌండ్ల నైలాన్ తాడు చాలు. జిగ్ అంటే తలకు సీసపు గుండు పోసిన గాలం. 7 గ్రాముల బరువుది ప్రశాంతమైన నీటికి, 10 గ్రాములది గాలి రోజుకు. దానికి రబ్బరు పురుగు గాని, దుకాణంలో గడ్డకట్టించి అమ్మే చిన్న చేప గాని గుచ్చి, విసిరి, అడుగు తాకనిచ్చి, కర్ర కొనను ఒక అడుగు ఎత్తి మళ్ళీ తాడు బిగువుగా ఉంచుతూ దించాలి. వాలై ఎర అందుకునేది దాదాపు ఎప్పుడూ దిగే సమయంలోనే. పెద్ద గుంజుడు ఉండదు. తాడు కొంచెం బరువైనట్టు, గడ్డిలో చిక్కినట్టు అనిపిస్తుంది. అనుమానం వస్తే మణికట్టుతో లాగండి.

గోదావరి కాలువల మీద బెండు వేసి పెరిగినవారికి ఇంకో మార్గం సులువు. తాడు మీద జారే బెండు, దాని కింద చిన్న సీసపు గుండు, ఒక గాలం, దానికి జలగ. ఎర దుకాణాల్లో జలగలను చిన్న డబ్బాల్లో అమ్ముతారు, ఫ్రిజ్‌లో వారం రోజులు బతుకుతాయి. మా ఇంట్లో ఆ డబ్బా పెరుగు గిన్నె పక్కన కనిపించిన రోజు జరిగిన గొడవ ఇక్కడ రాయను. వేరే చిన్న కూలర్ కొనుక్కోండి. జలగను వెడల్పుగా ఉన్న కొస, అంటే అంటుకునే వైపు గుచ్చితే అది నీటిలో చాచుకుని ఈదుతూ ఉంటుంది. బెండును అడుగుకు ఒకటి రెండు అడుగుల పైన ఎర వేలాడేలా సరిచూసుకోవాలి. వేసవి ముదిరేకొద్దీ చేప లోతుకు పోతుంది. మే నెలలో నడుము లోతు నీటిలో ఉన్నదే జూలైలో ఇరవై అడుగుల కింద ఉంటుంది. అప్పుడు పడవ ఉన్నవారు సీసపు బరువును అడుగున తాటిస్తూ, వెనుక తిరిగే రేకుకు, వానపాముకు పొడవాటి తాడు వదిలి మెల్లగా నడుపుతారు. మైదానపు సరస్సుల్లో ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

పైక్‌ను ఇక్కడ జాక్ అంటారు. ఇది పొడుగాటి మూతి, వెనక్కి వంగిన పళ్ళు గల దొంగ వేటగాడు. నాచు అంచున కదలకుండా నిలబడి, దగ్గరకు వచ్చినదాని మీద దూకుతుంది. ఎండ ఉన్నా తింటుంది గనుక పిల్లలకు మొదటి చేపగా దీన్ని మించినది లేదు. మెరిసే లోహపు చెంచా ఎర వేసి లాగితే చాలు. ఎరుపు తెలుపు చారలది, పసుపు మీద ఎర్ర డైమండ్లు అచ్చు వేసినది ఈ ప్రాంతంలో తరాలుగా వాడుతున్న లెన్ థాంప్సన్ చెంచాలు. వాటి తయారీ 1929లో సస్కాచువాన్‌లోని అబెర్నెతీ అనే పల్లెలో మొదలైంది. ఎరకు ముందు అరడుగు ఉక్కు తీగ తప్పనిసరి, లేకపోతే నైలాన్ తాడును అది దారంలా కొరికేస్తుంది. నోటిలోంచి గాలం తీయడానికి పొడుగు ముక్కు పట్టుకారు వాడండి, వేళ్ళు వద్దు.

నదిలో గాలం వేసేవారికి మరికొన్ని మాటలు. దక్షిణ సస్కాచువాన్ నదిలో ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. మోకాలి లోతు మేట మీద నాలుగు అడుగులు వేసేసరికి అంచు తెగి నిలువు లోతు వస్తుంది, ప్రవాహం పైకి కనిపించేదాని కన్నా బలంగా ఉంటుంది. గార్డినర్ ఆనకట్ట దిగువన విద్యుత్ కేంద్రం నీటిని వదిలేకొద్దీ మట్టం గంటల్లో పెరుగుతుంది. మేట మీద కుర్చీలు, పిల్లలు, భోజనాల బుట్ట పెట్టుకుని ఎప్పుడూ కూర్చోకండి. చేప మాత్రం మేట చివర ప్రవాహం మెల్లబడే సుడి దగ్గర ఉంటుంది. ఒడ్డు నుంచే అక్కడికి విసరవచ్చు.

గుడారం ఎక్కడ, ఎలా

పార్కుల్లో స్థలాలకు రిజర్వేషన్లు వసంతంలోనే తెరుస్తారు. జూలై, ఆగస్టు వారాంతాల్లో నీటి పక్కనున్న స్థలాలు త్వరగా అయిపోతాయి. అందరూ నీరు కనిపించే స్థలమే కోరుకుంటారు, నేను మాత్రం ఇప్పుడు రెండో వరుసనే ఎంచుకుంటాను. మొదటిసారి మేము నీటికి ఇరవై అడుగుల దూరంలో, చెట్టు లేని పచ్చిక మీద, నలుగురికి సరిపోయే ఎత్తైన గుడారం వేశాము. పెద్ద తలుపు సరస్సు వైపు తెరుచుకునేలా పెట్టుకుని ఆ దృశ్యానికి మురిసిపోయాము. రాత్రి రెండు గంటలకు వాయవ్యం నుంచి ఉరుములతో గాలి లేచింది. తలుపులోంచి దూరిన గాలికి గుడారం తెరచాపలా ఉబ్బి, రెండు ఊచలు విరిగాయి. మిగిలిన రాత్రంతా నలుగురమూ కారులో కూర్చున్నాము.

ఆ రాత్రి తరువాత నేర్చుకున్నవి ఇవి. గుడారం ఎత్తు ఎంత తక్కువైతే అంత మంచిది. సన్నటి వైపు వాయవ్యానికి, తలుపు ఆగ్నేయానికి ఉండాలి. ఇక్కడ వేసవి ఉరుముల వానలు ఎక్కువగా పడమటి దిక్కుల నుంచే వస్తాయి. పొదలు, చిన్న ఆస్పెన్ చెట్ల వరుస గాలి వచ్చే వైపున ఉంటే అది గోడలా పనిచేస్తుంది. పెద్ద ముసలి పాప్లర్ కింద మాత్రం వద్దు, గాలికి దాని కొమ్మలు విరిగిపడతాయి. గుడారంతో వచ్చే సన్న మేకులు ఈ నేలకు చాలవు, వేసవిలో ఎండిన బంకమట్టి సిమెంటులా ఉంటుంది, తీరం దగ్గర ఇసుక మేకును పట్టుకోదు. అడుగు పొడవు ఇనుప మేకులు, సుత్తి వేరే తెచ్చుకోండి. నాలుగు మూలల తాళ్ళు కూడా కట్టాలి, గాలి లేదని వదిలేయకూడదు. పగలు గుడారం వదిలి వెళ్ళేటప్పుడు లోపల బరువులు పెట్టి, పైన నీడకు కట్టిన టార్పాలిన్ దించేయాలి. గాలికి లేచిన టార్పాలిన్ పక్కవారి పొయ్యి మీద పడిన ఘటన ఒకటి నా కళ్ళ ముందే జరిగింది.

ఉరుము వినిపిస్తే గుడారం రక్షణ కాదు. కారులోకి గాని, పార్కు కట్టడంలోకి గాని వెళ్ళి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి. కార్బన్ గాలపు కర్ర చేతిలో నిలువుగా పట్టుకుని నీటి అంచున నిలబడినవాడి మీదికి పిడుగును పిలవనక్కరలేదు. పర్యావరణ శాఖ వారి వెదర్‌క్యాన్ అనే ఉచిత యాప్ హెచ్చరికలు పంపుతుంది, కాని లోయల్లో ఫోను సిగ్నలు అందని చోట్లున్నాయి. సాయంత్రం నాలుగు గంటలకు పడమట మబ్బు గోబీ పువ్వులా ఎదుగుతూ పైన చదునుగా పరుచుకుంటుంటే యాప్ ఏమి చెప్పినా తాళ్ళు బిగించుకోవలసిందే.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, పార్కులోనే తీసుకోండి. ఎల్మ్ చెట్లను చంపే తెగులు కట్టెల బెరడులోని పురుగు ద్వారా వ్యాపిస్తుంది. ఈ ప్రావిన్సులో ఎల్మ్ కట్టెను రవాణా చేయడమే చట్టవిరుద్ధం. ఎండలు ముదిరి గాలి ఎక్కువైన రోజుల్లో బహిరంగ మంటలను నిషేధిస్తారు, ఆ రోజుకు గ్యాసు పొయ్యి ఉండాలి. మా ఇంట్లో అలవాటు ప్రకారం మొదటి రాత్రికి పులిహోర, రెండో పూటకు ఉప్మా సరుకు ఉంటాయి. చేప మీద ఆధారపడి భోజనం తలపెట్టకూడదని అనుభవం నేర్పింది.

మే, జూన్ నెలల్లో పొడవు గడ్డిలో నడిస్తే చెక్క రంగు పిడుదులు బట్టలకు అంటుకుంటాయి. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి, పడుకునే ముందు పిల్లల తల వెంట్రుకల్లో, చెవుల వెనుక చూడండి. దోమలు జూన్ సాయంత్రాల్లో భయంకరంగా ఉంటాయి. గాలి వీచే చోట అవి నిలవలేవు; గుడారానికి మరుగు వెతికినట్టే, కూర్చునే కుర్చీకి కాస్త గాలి తగిలే చోటు వెతుక్కోండి.

జూలై చివరి నుంచి ఆగస్టు వరకు నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు నాచు తెట్టు కనిపిస్తుంది. ఇది నీలి ఆకుపచ్చ నాచు, విషం ఉత్పత్తి చేయగలదు. ఆ నీటిలో పిల్లలను దించకండి, కుక్కను తాగనివ్వకండి. ఆ విషం మరగబెట్టినా పోదు. తెట్టు కూడా గాలి తోసిన ఒడ్డుకే చేరుతుంది, కాబట్టి ఆ నెలల్లో ఈతకు గాలి వచ్చే వైపు ఒడ్డు, గాలానికి గాలి కొట్టే ఒడ్డు అని పంచుకోవలసి వస్తుంది. అయితే గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తున్నప్పుడు గాలి నింపిన బొమ్మల మీద పిల్లలను వదలకూడదు, రెండు నిమిషాల్లో అందనంత దూరం పోతారు.

పడవ, చల్లటి నీరు

ఇంజను ఉన్న పడవ నడపడానికి కెనడాలో ప్రతి ఒక్కరికీ పడవ నడిపే కార్డు ఉండాలి, ఆన్‌లైన్ పరీక్ష రాసి తీసుకోవచ్చు. మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలన్నది చట్టం. ఒంటి మీద ఉండాలన్నది నా షరతు, నా పడవ ఎక్కే పెద్దలకు కూడా. మే నెలలో ఎండ 25 డిగ్రీలున్నా, మంచు కరిగి కొద్ది వారాలే అయిన నీరు ప్రాణాంతకంగా చల్లగా ఉంటుంది. విన్నిపెగ్‌లోని మనిటోబా విశ్వవిద్యాలయంలో చలినీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన 1, 10, 1 సూత్రం గుర్తుంచుకోండి. పడిన వెంటనే ఎగశ్వాసను అదుపు చేసుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్ళు పనిచేసేది పది నిమిషాలు, ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి ఒక గంట. జాకెట్ లేనివాడు ఆ గంట వరకు ఉండడు.

వాతావరణ సూచనలో గాలి వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటితే నా పద్నాలుగు అడుగుల పడవ రేవులోనే ఉంటుంది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, అలిసి తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది. దూరాన నీటి మీద తెల్లటి నురగలు కనబడగానే, చేప కొరుకుతున్నా సరే, తాడు చుట్టేయండి.

చేప చేతికి వచ్చాక

వదిలేసే చేపను తడి చేతులతో, అడ్డంగా, పొట్ట కింద చేయి ఆనించి పట్టుకోవాలి; దవడ పట్టి నిలువుగా వేలాడదీసిన ఫోటో చేపకు చేటు. పది మీటర్ల కన్నా లోతు నుంచి లాగిన వాలై, పెర్చ్‌ల గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా మునగలేక చనిపోతాయి. కాబట్టి వదిలే ఉద్దేశం ఉన్న రోజు అంత లోతున వేట వద్దు. పెద్ద వాలై దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవి. పైగా పెద్ద వేటచేపల మాంసంలో పాదరసం ఎక్కువ పోగవుతుంది, గర్భిణులకు, చిన్నపిల్లలకు అవి పెట్టకూడదు. అరకిలో, ముప్పావు కిలో చేప ఉంచుకుని పెద్దదాన్ని వదలడం నాలుకకూ సరస్సుకూ మేలు.

వాలై మాంసం తెల్లగా, ముళ్ళు తక్కువగా ఉంటుంది. కొర్రమీను తిన్నవారికి నచ్చుతుంది, వేపుడుకు శ్రేష్ఠం. పైక్‌కు వెన్ను పొడవునా వై ఆకారపు సన్న ముళ్ళుంటాయని ఇక్కడ చాలామంది దాన్ని పారేస్తారు. బొచ్చె చేపలో ముళ్ళు ఏరుకుంటూ పెరిగిన మనకు అదేమీ కష్టం కాదు. చర్మం మీది జిగురును ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగి, అడ్డంగా ముక్కలు కోసి చింతపండు పులుసు పెడితే ముక్క విడిపోకుండా నిలుస్తుంది. అయితే ఒడ్డున కోసిన చేపను ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు అది ఏ జాతో, ఎన్ని చేపలో అధికారి చూసి గుర్తుపట్టగలిగేలా మూట కట్టాలి. అందుకని నేను పులుసు ముక్కలు ఇంట్లోనే కోస్తాను. పేగులు, తలలు నీటిలో వేయకుండా పార్కులోని చేపలు శుభ్రం చేసే గదిలోనే వదలాలి, గుడారం దగ్గర ఉంచితే రాత్రి దుర్వాసన చిమ్మే స్కంక్ అనే జంతువులు వస్తాయి, ఆ వాసన వారాల తరబడి పోదు.

బయలుదేరేటప్పుడు పడవ అడుగు బిరడా తీసి, నీరంతా వదిలి, నాచు పోగులు దులిపి, ప్రయాణమంతా బిరడా తీసే ఉంచాలి, ఇది చట్టం. 2013లో పొరుగున ఉన్న మనిటోబా ప్రావిన్సులోని విన్నిపెగ్ సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప బయటపడింది. చెంచాడు నీటిలో కూడా దాని పిల్లలు ప్రయాణిస్తాయి, ఒకసారి చేరితే పైపులకు, రాళ్ళకు పొరలు పొరలుగా అంటుకుని ఆ సరస్సును వదలవు. పడవ లేనివారు బూట్లు, వల, జలగల డబ్బా కూడా ఇలాగే కడిగి ఎండబెట్టాలి. మిగిలిన జలగలను నీటిలో పోయకుండా చెత్తబుట్టలో వేయండి. గుడారం తడిగా మడిచి ఉంటే ఇంటికి చేరిన రాత్రే విప్పి గ్యారేజీలో ఆరేయండి, వారం ఆగితే బూజు పడుతుంది.